బెసలేలు కథతో రెండు నిమిషాల కాగితపు బొమ్మల సినిమా: సండే స్కూల్ టీచర్ల కోసం

దేవుడు ఒక్కొక్కరికి ఒక్కో వరమిచ్చాడని పిల్లలకు చెప్పే యానిమేషన్ సినిమాలు చాలానే ఉన్నాయి. వాటిని చూపించడం తేలిక. అలాంటి సినిమాను పిల్లల చేతే తీయిస్తే మాత్రం బొమ్మ గీసే చెయ్యి, ముడి వేసే చెయ్యి, లెక్క రాసే చెయ్యి, గొంతు, ఓపిక అన్నీ కావలసి వస్తాయి. క్లాసులో వెనక కూర్చునేవాళ్లకు కూడా పని దొరుకుతుంది.

ఇక్కడ చెప్పేది కట్-అవుట్ పద్ధతి. కాగితపు బొమ్మలను బల్ల మీద పరిచి, కొద్దికొద్దిగా జరుపుతూ, పైనుంచి ఫోన్‌తో ఒక్కో ఫోటో తీస్తాం. రోజుకు రెండు గంటల చొప్పున వి.బి.ఎస్. (సెలవుల బైబిల్ పాఠశాల) ఐదు రోజుల్లో, పన్నెండు నుంచి పదహారు మంది పిల్లలతో రెండు నిమిషాల సినిమా పూర్తవుతుంది. మొదటి రోజు కథ, గొంతుల రికార్డింగ్. రెండో రోజు బొమ్మలు, బ్యాక్‌గ్రౌండ్‌లు. మూడు, నాలుగు, ఐదు రోజులు షూటింగ్. శనివారం ఎడిటింగ్, ఆదివారం ఆరాధన తర్వాత ప్రదర్శన. మొదటిసారే మూడు నిమిషాలకు ఆశపడితే ఐదో రోజుకు పిల్లలు విసిగిపోతారు, టీచర్ ఒక్కరే బల్ల దగ్గర మిగులుతారు.

కథ ఏది?

అందరికీ ముందు తట్టేది తలాంతుల (యజమాని దాసులకు అప్పగించిన సొమ్ము) ఉపమానం, మత్తయి 25:14-30. చిన్నపిల్లల సినిమాకు అది పైకి కనిపించేంత సులువు కాదు. ఐదు తలాంతులవాడూ రెండు తలాంతులవాడూ మెప్పు పొందుతారు. ఒక్కటే దొరికినవాడు దాన్ని భూమిలో దాచి, చివరికి వెలుపటి చీకటిలో పడతాడు. తనకేమీ రాదని ముందే అనుకునే పిల్లవాడు ఆ ముగ్గురిలో తనను ఎవరిగా చూసుకుంటాడో ఒక్కసారి ఆలోచించండి. పన్నెండేళ్లు దాటినవాళ్లతో కూర్చుని చర్చించవలసిన కథ అది. ఇక 1 కొరింథీయులకు 12లో పాదం, చెయ్యి, కన్ను గురించిన భాగం సరదాగానే ఉంటుంది కానీ అది కథ కాదు, వాదన. బొమ్మలు నిలబడి మాట్లాడుతూ ఉండటం తప్ప చేసే పనేమీ ఉండదు.

నిర్గమకాండము 31, 35, 36 అధ్యాయాల్లో చేతికి పని ఉంది. ఎడారిలో ఇశ్రాయేలీయులు దేవునికి గుడారపు మందిరం చేసిన కథ అది. యూదా గోత్రపు బెసలేలును దేవుడు తన ఆత్మతో నింపింది యుద్ధానికో ప్రవచనానికో కాదు. బంగారం, వెండి, ఇత్తడి పని చేయడానికి, రత్నాలు పొదగడానికి, కఱ్ఱ చెక్కడానికి. తోడుగా దాను గోత్రపు అహోలీయాబు ఉన్నాడు. స్త్రీలు నూలు వడికి తెచ్చారు, మేకవెండ్రుకలు వడికారు. కానుకలు ఎంతగా వచ్చిపడ్డాయంటే, ఇక చాలు, తేవద్దని మోషే పాళెమంతా చాటించవలసి వచ్చింది. ఆ చాటింపు దగ్గర పిల్లలు తప్పకుండా నవ్వుతారు, కాబట్టి దాన్ని వదులుకోవద్దు.

సినిమాకు కావలసిన చిక్కుముడి కూడా అక్కడే దొరుకుతుంది. మందిరపు తెరలు పది. ఐదేసి కలిపి రెండు కూర్పులు. ఒక్కో కూర్పు అంచున ఏబది కొలుకులు (గుండీ పట్టే నూలు ఉచ్చులు), వాటిని కలపడానికి ఏబది బంగారు గుండీలు. ఒక అంచున ఒక్క కొలుకు తక్కువైతే తెరలు సరిగ్గా కలవవు. వడకడమూ చెక్కడమూ రాని ఒక పాప ఆ తక్కువను లెక్కపెట్టి కనిపెడుతుంది. ఇదీ మన కథ. ఆ పాప బైబిల్లో లేదు, మనం కల్పించుకున్నది. ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పాలి. పేరు కూడా బైబిల్ పేరు పెట్టకుండా చిట్టి, బుజ్జి లాంటిది పెడితే పరీక్షలో రాసి మార్కులు పోగొట్టుకోరు.

స్క్రిప్టు

రెండు నిమిషాల్లో టైటిల్‌కూ పేర్లకూ కలిపి 20 సెకన్లు పోతాయి. మిగిలిన 100 సెకన్లలో సగమే మాటలుండాలి, మిగతా సగం చూపే పని. పిల్లలు సెకనుకు రెండు మాటల లెక్కన పలుకుతారు కాబట్టి స్క్రిప్టు మొత్తం వంద మాటలు దాటకూడదు. మొదటి ప్రతి ఎప్పుడూ మూడొందల మాటలుంటుంది. బొమ్మ చేసి చూపగలిగినదాన్ని నోటితో చెప్పించే మాటలన్నీ కొట్టేయండి.

భాష సంగతి. గ్రంథభాషను ఒక్క వచనానికే ఉంచుకుని, మిగతాది ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో రాయాలి. మచ్చుకు మధ్యలోని ఒక షాట్:

షాట్ 6. అవ్వ వడుకుతోంది. చిట్టి వచ్చి పక్కన కూలబడుతుంది.
చిట్టి: అవ్వా, నాకు వడకడం రాదు. చెక్కడం రాదు. నేనేం చెయ్యను?
అవ్వ: ఈ కొలుకులు ఎన్నున్నాయో చూడమ్మా. నా కంటికి ఆనట్లేదు.
చిట్టి వేలు అంచు వెంట జరుగుతుంది.
చిట్టి: …నలభై ఎనిమిది, నలభై తొమ్మిది. అవ్వా! ఒకటి తక్కువ!

మీ ఊళ్లో నాయనమ్మ అంటే నాయనమ్మ, అమ్మమ్మ అంటే అమ్మమ్మ. తర్వాతి షాట్‌లో బెసలేలు వచ్చి, “మళ్లీ ఒకసారి లెక్కపెట్టు తల్లీ” అంటాడు. అంతకుమించి ఆయన ఉపన్యాసం ఇవ్వకూడదు. “చూశావా, నీకూ ఒక వరముంది” అని ఎవరితోనైనా చెప్పించాలనే ఉబలాటం ప్రతి టీచర్‌కూ కలుగుతుంది. చెప్పిస్తే సినిమా అక్కడితో ఆగి పాఠం మొదలవుతుంది. యాభయ్యో కొలుకు పడటం, గుండీ తగలడం, రెండు తెరలు ఒకటవడం చూపిస్తే సరిపోతుంది.

మొత్తం తొమ్మిది పది షాట్లు చాలు. రికార్డింగ్‌కు ముందే స్క్రిప్టు పాస్టరుగారికి చూపించండి. దేవుణ్ని మనిషి రూపంలో చూపడం, కల్పిత పాత్ర, బెసలేలు పనివాళ్ల పనిలో తప్పు దొర్లడం అనే మూడింటి మీద సంఘంలో అభ్యంతరం రావచ్చు. గొంతులూ బొమ్మలూ అయ్యాక అభ్యంతరం వస్తే రెండు రోజుల పని పోతుంది. దేవుని మాటకు వెలుగూ గొంతూ చాలు. కొలుకు తక్కువవడం తప్పుగా తోస్తే, పని ఇంకా పూర్తికాని సమయంలో లెక్క చూస్తున్నట్టు మార్చుకోవచ్చు.

గొంతులు ముందు, బొమ్మలు తర్వాత

మాటలు ముందే రికార్డు చేయాలి. బొమ్మ నోరు ఏ ఫోటోలో తెరుచుకోవాలో, చెయ్యి ఏ మాట దగ్గర లేవాలో గొంతే చెబుతుంది. ముందు బొమ్మలు తీసి తర్వాత గొంతు అతికించడానికి చూస్తే ఏదీ కుదరదు.

చిన్న గది చూసుకోండి. గచ్చు మీద దుప్పట్లు, గోడలకు పరుపులు ఆనిస్తే గొంతు మోగదు. ఫ్యాన్ ఆపాలి, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. ఫోన్ నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉంటే ప, బ, భ పలికినప్పుడు గాలి మైకుకు కొట్టదు. కాగితం చూసి చదివిస్తే ఎవరైనా పాఠం అప్పజెప్పినట్టే పలుకుతారు. టీచర్ ఒక వాక్యం మామూలుగా అని, పిల్లవాడి చేత తిరిగి అనిపించండి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో తెలుగు మాట్లాడగలిగి చదవలేని పిల్లలతో చేసేవాళ్లకూ ఇదే దారి. ప్రతి వాక్యం మూడుసార్లు. సాధారణంగా రెండోది బాగుంటుంది, మూడోదానికి పిల్లలు నటించడం మొదలుపెడతారు.

రికార్డింగ్ అయ్యాక వాక్యాలను వరుసగా పేర్చి, ఏ మాట ఎన్నో సెకనులో వస్తుందో రాసుకోండి. సెకనుకు 12 ఫోటోల లెక్కన గళ్ల నోట్‌బుక్‌లో నాలుగు నిలువు గడులు గీయండి: ఫోటో నంబరు, ఆ క్షణపు అక్షరం, నోటి నంబరు, శరీర కదలిక. షూటింగ్‌లో అన్నిటికన్నా ఎక్కువ అవసరపడేది ఈ పుస్తకమే. లెక్కలు ఇష్టమైన పిల్లను పట్టుకుని ఇది అప్పగించండి.

నోళ్లు ఆరు చాలు. మూసినది మ, బ, ప లకు. బాగా తెరిచినది ఆ కు. సగం తెరిచినది అ, ఎ లకు. సాగదీసినది ఈ కి. గుండ్రనిది ఉ, ఒ లకు. కింది పెదవి పంటికి తగిలినది వ, ఫ లకు. మిగతా హల్లులకు నోరు మార్చకుండా పక్క అచ్చునే సాగనివ్వండి. తెలుగు మాటల్లో ఎక్కువ భాగం అచ్చుతో ముగుస్తాయి కాబట్టి, మాట అయిపోగానే నోరు మూసేస్తే చివరి అక్షరం మింగినట్టు కనిపిస్తుంది. ఒకటి రెండు ఫోటోలు తెరిచే ఉంచి తర్వాత మూయండి.

బొమ్మల తయారీ

కావలసిన సామాను: 250 నుంచి 300 జి.ఎస్.ఎమ్. (చదరపు మీటరుకు గ్రాములు) మందం కార్డు, ఫుల్ సైజు చార్టులు ఐదు, సూది, బట్టలు కుట్టే దారం, ఫెవికాల్, మంచి కత్తెరలు, స్కెచ్ పెన్నులు, పోస్టర్ కలర్లు, నీలం, ఊదా, ఎరుపు ఉన్ని దారాలు. కార్డుకు డబ్బు పెట్టనక్కరలేదు, పాత శుభలేఖల్లో దళసరివి సరిగ్గా పనికొస్తాయి.

పెద్దవాళ్ల బొమ్మ 16 సెంటీమీటర్లు, చిట్టి 11. చిన్న బొమ్మలు చేస్తే వేళ్లకు అందవు, పెద్దవి చేస్తే ఫ్రేమ్‌లో ఇద్దరు పట్టరు. ఒక్కో బొమ్మకు తల, మొండెం, మోచేయి దగ్గర విడిపోయే రెండు చేతులు, కింద పొడుగు అంగీ, దాని కింద తొంగిచూసే పాదాలు. ఎడారిలో అందరూ పొడుగు అంగీల్లో ఉంటారు కాబట్టి కాళ్లు గీసే పనే లేదు. కట్-అవుట్‌లో అన్నిటికన్నా కష్టమైన నడక అలా సగం తప్పిపోతుంది. అంగీని కాస్త అటూ ఇటూ ఊపుతూ జరిపితే నడిచినట్టే ఉంటుంది.

కీలు పెట్టే దగ్గర రెండు ముక్కల చివర్లూ ఒకే కొలత గుండ్రంగా కత్తిరించాలి. ఒక రూపాయి బిళ్ల పెట్టి గీసుకుంటే రెండూ కలుస్తాయి. కోణంగా కత్తిరిస్తే చెయ్యి వంచినప్పుడు మోచేయి దగ్గర సందు కనిపిస్తుంది. ఆ గుండ్రాల మధ్యలో సూదితో దారం పోనిచ్చి, రెండు వైపులా ముడేసి, ముడి మీద ఫెవికాల్ చుక్క పెట్టండి. తోలుబొమ్మలాట కళాకారులు బొమ్మ అంగాలను కలిపేది కూడా ఇలా దారపు ముడితోనే. ముడి బిగుతుగా ఉంటే ముంజేయి కదిపినప్పుడు భుజం కూడా కదులుతుంది. వదులైతే చెయ్యి పెట్టినచోట నిలవదు. బొమ్మను బల్ల మీద ఉంచి ముంజేయిని ఒక్క వేలితో తోసి చూడండి. అదొక్కటే కదిలి, వదిలినచోటే ఆగితే ముడి సరిపోయినట్టు.

కత్తిరించిన అంచుల్లో కార్డు తెల్లదనం బయటపడుతుంది, కెమెరా కింద అది మెరుపు గీతలా కనిపిస్తుంది. అదే రంగు స్కెచ్ పెన్నును అంచు వెంట ఒకసారి తిప్పండి. కళ్లలో నల్లగుడ్లు, కనురెప్పలు విడిగా కత్తిరించుకోవాలి. రెప్పపాటుకు మూడు ఫోటోలు: సగం, మూసినది, సగం. మూడు నాలుగు సెకన్లకొకసారి రెప్ప వేయకపోతే కాగితం కాగితంలాగే ఉంటుంది.

బ్యాక్‌గ్రౌండ్‌కు సగం చార్టు, అంటే 56 సెంటీమీటర్ల వెడల్పు, 35 ఎత్తు. ఇసుక, ఆకాశం లేత రంగుల్లో, బొమ్మలు ముదురు రంగుల్లో. బొమ్మను బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టి ఫోటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూస్తే తేడా తెలిసిపోతుంది, బొమ్మ ఇసుకలో కలిసిపోతే రంగు మార్చాలి. తెరలను మాత్రం రంగులతో గీయకుండా ఉన్ని దారాలనే వరుసగా అతికించండి. నీల ధూమ్ర రక్తవర్ణాల నూలు తెర మీద నిజంగా నూలులాగే కనిపిస్తుంది. కొలుకులను విడివిడిగా కత్తిరించకుండా అంచున గీసేయవచ్చు. గీసేటప్పుడు సరిగ్గా 49 గీయండి. చూసే పిల్లలు వీడియో ఆపి లెక్కపెడతారు.

కెమెరా, వెలుగు

ఫోన్ కిందికి చూసేలా, కదలకుండా ఉండాలి. ఒకే ఎత్తున్న రెండు స్టూళ్ల మీద చెక్క పలక అడ్డంగా పెట్టి, పలకకు రంధ్రం చేసి, కెమెరా ఆ రంధ్రంలోంచి చూసేలా ఫోన్‌ను వెల్లకిలా పడుకోబెట్టి టేపు వేయండి. తెర పైకి ఉంటుంది కాబట్టి అందరికీ కనిపిస్తుంది. సగం చార్టు మొత్తం పట్టాలంటే మామూలు ఫోన్‌కు సుమారు 40 సెంటీమీటర్ల ఎత్తు సరిపోతుంది. వైడ్ కెమెరా వాడితే అంచుల్లో గీతలు వంగుతాయి. స్టూళ్ల కాళ్ల చుట్టూ నేల మీద, బ్యాక్‌గ్రౌండ్ మూలల చుట్టూ బల్ల మీద టేపు గుర్తులు వేయాలి. ఎవరో ఒకరు తప్పకుండా తన్నుతారు, గుర్తులుంటే మళ్లీ సర్దుకోవచ్చు.

స్టాప్ మోషన్ స్టూడియో వంటి యాప్‌లో ముందు తీసిన ఫోటో లీలగా కనిపిస్తూ ఉంటుంది, బొమ్మ ఎంత జరిగిందో దాన్ని బట్టి తెలుస్తుంది. మొదటి ఫోటోకు ముందే ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ (స్పష్టత, వెలుగు, రంగుల తీరు) మూడూ లాక్ చేయండి. లాక్ చేయకపోతే చెయ్యి ఫ్రేమ్‌లోకి వచ్చి పోయిన ప్రతిసారీ ఫోన్ తనంతట తానే వెలుగు సర్దుకుంటుంది, సినిమా మొత్తం మినుకుమినుకుమంటుంది. క్లిక్ కొట్టడానికి తెరను ముట్టుకోకూడదు. వైరు ఇయర్‌ఫోన్ మీది వాల్యూమ్ బటన్ చాలా ఫోన్లలో క్లిక్‌గా పనిచేస్తుంది. ఫోన్ ఛార్జర్‌కే ఉండాలి, ఫ్లైట్ మోడ్ మళ్లీ తప్పనిసరి.

వెలుగు విషయంలో కిటికీని నమ్మవద్దు. మబ్బు వచ్చినా ఎండ జరిగినా షాట్ మధ్యలో రంగు మారిపోతుంది. కిటికీలకు నల్ల గుడ్డ కట్టి, రెండు ఎల్.ఈ.డీ. బల్బులను ఎడమా కుడీ ఏటవాలుగా పెట్టి, ముందు బటర్ పేపర్ వేలాడదీస్తే నీడలు మెత్తబడతాయి. బటర్ పేపర్ బల్బుకు తగలకూడదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. యాప్‌లో షటర్ వేగం (ఒక్కో ఫోటోకు కెమెరా వెలుగు తీసుకునే సమయం) మార్చే వీలుంటే 1/50 పెట్టండి, అమెరికాలో ఉంటే 1/60. అంతకన్నా వేగం పెడితే ఒక ఫోటో వెలుగుగా, తర్వాతిది మసగ్గా రావచ్చు. ఛార్జింగ్ ఎమర్జెన్సీ లైట్లు వాడవద్దు, బ్యాటరీ తగ్గేకొద్దీ వెలుగు తగ్గుతుంది. కరెంటు పోయే వేళలు తెలిసిన ఊరైతే షాట్ల మధ్య విరామం ఆ వేళకు పడేలా చూసుకోండి.

ఇంకో దాగుడు దొంగ తెల్ల చొక్కా. బల్ల మీదికి వంగిన పిల్లవాడి తెల్ల యూనిఫాం వెలుగును బొమ్మల మీదికి కొడుతుంది, వాడు కదిలినప్పుడల్లా రంగు కదులుతుంది. బొమ్మలు జరిపేవాళ్లు ముదురు రంగు బట్టలు వేసుకురావాలి.

మే నెలలో ఫ్యాన్ లేకుండా రెండు గంటలంటే శిక్షే. ఫ్యాన్ వేస్తే మాత్రం కాగితాలు ఎగిరిపోతాయి. ఉదయం ఏడింటికే మొదలుపెట్టి, ప్రతి షాట్ తర్వాత ఫ్యాన్ వేసి మంచినీళ్లు ఇవ్వండి. కదలని ముక్కల వెనక డబుల్ టేప్ చిన్న ముక్క అంటిస్తే ఊపిరికి కూడా జరగవు.

షూటింగ్

లెక్క ఇది. 100 సెకన్లు, సెకనుకు 12, మొత్తం 1200 ఫోటోలు. నింపాదిగా సాగే కదలికలకు ఒక్కో స్థితికి రెండేసి ఫోటోలు తీస్తే చాలు, కాబట్టి నిజంగా జరపవలసింది ఎనిమిది వందల సార్లు. రెండు స్టాండ్లు (స్టూళ్లు, పలక, ఫోన్ కలిపిన అమరికలు), మూడు రోజులు, రోజుకు రెండు గంటలు అంటే పన్నెండు గంటల పని. గంటకు 67 కదలికలు. పిల్లలు తొందరపడకుండా చేయగలిగిన వేగమే అది. ఒకే స్టాండ్ అయితే సినిమాను నిమిషానికి కుదించండి.

ఒక్కో స్టాండ్‌కు నలుగురు: బొమ్మలు జరపడానికి ఇద్దరు, క్లిక్‌కు ఒకరు, లెక్క పుస్తకానికి ఒకరు. క్లిక్ కొట్టేవాళ్లు ప్రతిసారీ “చేతులు తీశారా?” అని పైకి అడిగి, జవాబు వచ్చాకే నొక్కాలి. ఫ్రేమ్‌లో వేళ్లు పడటం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు, దాన్ని ఆపేది ఈ ఒక్క ప్రశ్నే. వంతులు మార్చాలి కానీ షాట్ మధ్యలో మార్చకూడదు. ఒక్కొక్కరి చెయ్యి ఒక్కో కొలతలో జరుపుతుంది, మధ్యలో చెయ్యి మారితే బెసలేలు ఉన్నట్టుండి పరుగందుకుంటాడు. ఐదు నుంచి ఏడేళ్ల పిల్లలను స్టాండ్ దగ్గర నిలబెట్టకుండా రంగులకూ చప్పుళ్లకూ ఉంచుకోండి.

ఏ కదలికైనా మెల్లగా మొదలై, మధ్యలో వేగం అందుకుని, మెల్లగా ఆగాలి. చెయ్యి లేవడానికి వేలి కొన 2, 4, 8, 8, 4, 2 మిల్లీమీటర్లు జరగాలి. అన్నిసార్లూ సమానంగా ఐదేసి జరిపితే బొమ్మ యంత్రంలా కనిపిస్తుంది. కదలిక అయ్యాక కనీసం ఆరు ఫోటోలు కదపకుండా ఉంచండి, అంటే అర సెకను. పిల్లలకు ఎప్పుడూ ఏదో ఒకటి కదపాలనిపిస్తుంది. మాట్లాడని బొమ్మను కదిలిస్తే చూసేవాడి కన్ను అటు పోయి, మాట వినబడదు. ఒక సమయంలో ఒకే బొమ్మ కదలాలి, మిగతావాళ్లు రెప్పలు వేస్తే చాలు.

చిట్టి లెక్కపెట్టే షాట్ దగ్గర తొందరపడవద్దు. వేలు మొదట ఒక్కో కొలుకు దగ్గర రెండు ఫోటోలు ఆగి, తర్వాత వేగం అందుకుని, చివరి మూడింటి దగ్గర మళ్లీ నెమ్మదించాలి. 49 దగ్గర పన్నెండు ఫోటోల నిశ్శబ్దం. ఆ తర్వాత రెప్పపాటు, ఆ తర్వాతే “ఒకటి తక్కువ!” సినిమా అంతటికీ మూలం ఈ ఏడెనిమిది సెకన్లే, కాబట్టి దీన్ని అందరూ అలసిపోయిన ఐదో రోజుకు కాక నాలుగో రోజు ఉదయానికి పెట్టుకోండి.

షాట్ మొదలుపెడితే ముగించాకే లేవాలి. రోజు ముగియగానే ఫోటోలను ఇంకో ఫోన్‌కో కంప్యూటర్‌కో కాపీ చేయండి.

చప్పుళ్లు, పాట, ఎడిటింగ్

సుత్తి దెబ్బకు స్టీలు గ్లాసు మీద చెంచా, ఇసుకలో నడకకు పళ్లెంలో రాగుల మీద వేళ్లు, తెర రెపరెపకు ఉతికి ఆరిన తువ్వాలు. గుండీ తగిలే చప్పుడుకు చిన్న గాజులు రెండు. వీటిని ఐదేళ్ల పిల్లలు పెద్దవాళ్లకన్నా బాగా చేస్తారు.

బజారులో దొరికే క్రైస్తవ పాటల రికార్డింగులు వాడితే యూట్యూబ్‌లో పెట్టినప్పుడు హక్కుదారుల క్లెయిమ్ రావచ్చు. మన చట్టంలో రచనకు రచయిత మరణించాక 60 ఏళ్లు, రికార్డింగుకు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. రచయిత గతించి అంతకాలం దాటిన పాత కీర్తన ఒకటి చూసుకుని, రెండు చరణాలు పిల్లల చేతే పాడించండి. కంజీర ఉంటే ఇంకేమీ అక్కరలేదు.

ఎడిటింగ్‌కు ఫోన్‌లో కైన్‌మాస్టర్, కంప్యూటర్‌లో కేడెన్‌లైవ్ లేదా డావిన్చీ రిజాల్వ్. కంప్యూటర్ ప్రోగ్రాములు రెండూ ఉచితంగా దొరుకుతాయి. ప్రాజెక్టు సెకనుకు 24 ఫ్రేములకు పెట్టండి, ఒక్కో ఫోటో రెండేసి ఫ్రేములు సరిగ్గా కూర్చుంటుంది. యాప్ 30 తప్ప ఒప్పుకోకపోతే 12 దానిలో సమంగా ఇమడదు, కదలిక తడబడుతుంది. అలాంటప్పుడు మొదటి నుంచే సెకనుకు 10 ఫోటోల లెక్కన తీయాలి, నోట్‌బుక్ గడులు కూడా ఆ లెక్కనే గీయాలి. ఈ సంగతి షూటింగ్ అయ్యాక తెలిస్తే చేయగలిగింది తక్కువ, కాబట్టి మొదటి రోజే యాప్ తెరిచి చూడండి.

టైటిల్‌ను కంప్యూటర్‌లో టైపు చేయకపోవడమే మేలు. కొన్ని ఎడిటింగ్ ప్రోగ్రాముల్లో తెలుగు ఒత్తులు విడిపోయి, గుణింతాలు పక్కకు జరుగుతాయి. మంచి చేతిరాత ఉన్న పిల్ల చార్టు మీద రాస్తే ఫోటో తీసి పెట్టుకోండి. చివరి పేర్లు కూడా చేతితోనే, చేసిన పనితో సహా: ముడులు వేసింది, లెక్క రాసింది, రాగుల చప్పుడు. దర్శకుడి పేరు పెద్దగా, మిగతావి చిన్నగా రాస్తే ఈ కథ తీయడంలో అర్థం లేదు. తెర మీది అక్షరాలు పైకి రెండుసార్లు చదవడానికి పట్టేంత సేపు ఉండాలి.

ప్రదర్శన

పగలు ప్రొజెక్టర్ వెలవెలబోతుంది. కిటికీలు మూసే వీలు లేకపోతే పెద్ద టీవీ నయం. తెరకు దుప్పటి వాడితే రెండు మడతలు వేసి, కింద కర్ర కుట్టి లాగి కట్టండి. శబ్దం ప్రొజెక్టర్ స్పీకర్‌లోంచి కాక మందిరం స్పీకర్లలోంచి రావాలి, లేకపోతే చిట్టి మాట మూడో వరుస దాటదు. రెండు నిమిషాల సినిమాను రెండుసార్లు వేయండి. మొదటిసారి తల్లిదండ్రులు తమ పిల్లల పేర్లే వెతుకుతారు, కథ చూసేది రెండోసారి.

తర్వాత పిల్లలను “ఏం నేర్చుకున్నారు?” అని అడిగితే టీచర్‌కు నచ్చే జవాబే వస్తుంది. “చిట్టి లెక్కపెట్టకపోతే ఏమయ్యేది?”, “మన క్లాసులో ఎవరి పని లేకపోతే ఈ సినిమా ఆగిపోయేది?” అని అడగండి. రెండో ప్రశ్నకు ముడులు వేసినవాళ్ల పేరు వస్తే టీచర్ పక్కకు తప్పుకుని వాళ్లనే మాట్లాడనివ్వవచ్చు.

యూట్యూబ్‌లో పెట్టాలనుకుంటే ప్రతి పిల్లవాడి తల్లిదండ్రుల దగ్గరా రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఇంటిపేర్లు, ఊరు లేకుండా పేర్లు మాత్రమే ఉండాలి. అప్‌లోడ్ చేసేటప్పుడు పిల్లల కోసం చేసినదని గుర్తు పెడితే కామెంట్లు వాటంతటవే మూసుకుపోతాయి. బొమ్మలను ఒక్కొక్కదాన్ని విడి కవర్లో పెట్టి, ఆ బొమ్మ నోళ్లూ రెప్పలూ అదే కవర్లో వేసి, పైన పేరు రాయండి. నోళ్లు కలిసిపోతే మరుసటి ఏడు అవ్వకు చిట్టి నోరు వస్తుంది.